యోహాను కొడుకు అనే ఇంటిపేరు



ఈసారి ఒక ఇంటిపేరు గురించి రాస్తున్నాము. ఎందుకో ముందే చెబుతాము.

పోయిన నెల ఆరాధన ముగిశాక మన సంఘములోని ఒక యువకుడు పాస్‌పోర్టు ఫారం పట్టుకొని మా దగ్గరికి వచ్చాడు. ఐటీఐ చదివాడు, దుబాయిలో ఎలక్ట్రీషియన్ పని దొరికేటట్టుంది. ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు ఒక గడి వేరువేరుగా ఉన్నాయి. టెన్త్ మెమోలో అతని పేరు ముందు 'వై' అనే ఒక్క అక్షరం ఉంది. "అయ్యగారూ, ఈ వై అంటే ఏందో మా ఇంట్ల ఎవ్వరికీ ఎరుకలేదు. తీసేసి మంచి ఇంటిపేరు ఒకటి పెట్టుకుంట. జాన్సన్ అని పెట్టుకుంటే ఎట్లుంటది?" అని అడిగాడు.

నవ్వొచ్చింది గాని నవ్వలేదు. వాళ్ల నాయనమ్మ ఇంకా బ్రతికే ఉంది. ఆమెను అడిగి రమ్మన్నాము. ఆమె చెప్పింది విన్నాక సంగతి తేలింది. ఇతని తండ్రిని బడిలో వేసిన రోజు పంతులు ఇంటిపేరు అడిగాడట. వెంట వెళ్లిన తాతకు ఏం చెప్పాలో తెలియలేదు. తన పేరే చెప్పాడు, యోహాను అని. పంతులు దాన్నే ఇంటిపేరు గడిలో రాసి, ఇంగ్లీషులో మొదటి అక్షరం పెట్టుకున్నాడు. కొడుకును చేర్పించినప్పుడు తండ్రి కాగితాన్ని చూసి అదే అక్షరం ఎక్కించారు. రెండు తరాలు గడిచేసరికి అక్షరం మిగిలింది, మనిషి మరుగైపోయాడు.

అయితే తాత పేరు ఇంటిపేరు కావడం మన పల్లెలోనే జరిగిన వింత కాదు. రష్యా దేశములో కోట్లమంది ఇంటిపేర్లు ఇట్లాగే పుట్టాయి. అక్కడ అతి ఎక్కువగా కనబడే ఇంటిపేర్లలో ఇవానోవ్ ఒకటి. దాని అర్థం కూడా 'యోహాను కొడుకు' అనే.

హెబ్రీలో యోహానాన్ అంటే యెహోవా కృప చూపాడని అర్థం. అది గ్రీకులో యోఅన్నేస్ అయ్యింది. అక్కడినుండి మనదాకా యోహానుగా వచ్చింది, ఇంగ్లీషువాళ్లకు జాన్, డచ్చివాళ్లకు యాన్, అరబు క్రైస్తవులకు యుహన్నా, రష్యావాళ్లకు ఇవాన్ అయ్యింది. ఇవాన్‌కు చివర 'ఓవ్' తగిలిస్తే ఇవానోవ్. ఈ 'ఓవ్' ఏమిటో తెలుగువాళ్లకు చెప్పడం చాలా సులువు. మన దగ్గర రామిరెడ్డిగారి, పాపయ్యగారి అనే ఇంటిపేర్లు ఉన్నాయి కదా. ఆ చివరనున్న 'గారి' చేసే పనే 'ఓవ్' చేస్తుంది. ఎవరి పిల్లవాడు అని అడిగితే 'ఇవాన్‌గారి' అని జవాబు. కొడుకు అనే మాట మొదట్లో వెనుక ఉండేది, వాడగా వాడగా రాలిపోయింది. పెత్రోవ్ అంటే పేతురుగారి, పావ్లోవ్ అంటే పౌలుగారి. పోప్ అని అక్కడ పల్లె పాదిరిని పిలిచేవారు, కనుక పోపోవ్ అంటే పాదిరిగారి. మన భాషలో అయ్యగారోళ్లు. కుజ్నెత్సోవ్ అంటే కమ్మరోళ్లు.

ఇంటిపేరు కాక తండ్రి పేరు మరొకటి మధ్యలో వస్తుంది. రష్యాలో ప్రతి మనిషికీ మూడు పేర్లు. తనది, తండ్రిది, ఇంటిది. కుక్కల మీద చేసిన ప్రయోగాలతో పేరుపొందిన శాస్త్రవేత్త పావ్లోవ్ గురించి పిల్లలు పాఠాల్లో చదివే ఉంటారు. 1904లో నోబెల్ బహుమానం పొందినవాడు. ఆయన పూర్తి పేరు ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్. విప్పి చదివితే, యోహాను, పేతురు కొడుకు, పౌలుగారి ఇంటివాడు. ముగ్గురు అపొస్తలులు ఒక్క మనిషి పేరులో కూర్చున్నారు. ఆయన తండ్రి పాదిరే, రియజాన్ అనే పట్టణంలో.

మన పెద్దవాళ్లలో కొందరు గోర్కీ రాసిన 'అమ్మ' నవల తెలుగులో చదివి ఉంటారు. సోవియట్ పుస్తకాలు చవకగా దొరికిన కాలం ఒకటుండేది. అందులో తల్లిని నీలోవ్నా అని పిలుస్తుంటారు. అది ఆమె పేరు కాదు. ఆమె పేరు పెలగేయా. నీలోవ్నా అంటే నీల్ అనే ఆయన కూతురు. ఇంటిపేరు మాత్రం మొగుడిది, వ్లాసోవ్. పెళ్లయి మొగుడి ఇంటిపేరు వచ్చినా, తండ్రి పేరు ఆమెను చచ్చేదాకా వదలదు. మన ఆడపిల్లలకు ఆ భాగ్యం కాగితాల్లో తక్కువ. పెళ్లి కాగానే తండ్రి పేరు ఉన్నచోట భర్త పేరు వచ్చి కూర్చుంటుంది.

ఇంకో సంగతి మాకు బాగా నచ్చింది. మనం పెద్దవాళ్లను పిలిచేటప్పుడు 'గారు' అంటాము. రష్యా భాషలో అట్లాంటి మాట పేరు వెనుక తగిలించరు. గౌరవించాలంటే మనిషి పేరుతోబాటు తండ్రి పేరు కలిపి పిలుస్తారు. బడిలో పిల్లవాడు పంతులును 'ఇవాన్ పెత్రోవిచ్' అంటాడు. అంటే 'పేతురు కొడుకైన యోహానూ' అని. తండ్రిని తలచుకోవడమే అక్కడ 'గారు'.

కాని ఈ గౌరవం అందరికీ దక్కలేదు. సోదరులారా, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

పూర్వం రష్యాలో సామాన్యుడు రాజుకు అర్జీ పెట్టుకుంటే తన పేరు ఇవాన్ అని రాసుకోవడానికి వీలులేదు. ఇవాష్కా అని రాసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే యోహానుగాడు. పేతురు అయితే పెత్రూష్కా. గొప్ప కులీనుడు కూడా రాజు ముందు అట్లాగే చిన్నబుచ్చుకొని రాసుకునేవాడు. ఇక గొప్పవాడి ముందు పేదవాని సంగతి చెప్పనక్కరలేదు. పీటర్ చక్రవర్తి 1701 చివర్లో ఒక ఉత్తర్వు తీసి, అర్జీలలో ఈ సగం పేర్లు రాయకూడదు, పూర్తి పేరు రాయాలి అన్నాడు. తరువాత కేథరిన్ రాణి కాలంలో మళ్లీ కొలతలు పెట్టారు. ప్రభుత్వ కొలువుల్లో మొదటి 5 తరగతుల అధికారులకు మాత్రం తండ్రి పేరు 'విచ్' చేర్చి నిండుగా రాయాలి. 6 నుండి 8 తరగతుల వారికి 'విచ్' లేకుండా రాయాలి. ఆ కిందివారికి తండ్రి పేరే లేదు, వట్టి పేరు. చూడండి, తండ్రి ఉండడం కూడా ఒక హోదా అయిపోయింది. ఇవానోవ్ అనే పేరును పలకడంలో కూడా తేడా ఉండేది. దొరల ఇంట్లో పుట్టినవాడైతే నడిమి అక్షరం మీద ఒత్తి పలికేవారు, సామాన్యుడైతే చివరి అక్షరం మీద.

ఇక దొరల భూముల్లో కట్టుబడి ఉన్న రైతుకూలీలకు ఇంటిపేరు అవసరమని ఎవరూ అనుకోలేదు. భూమితోబాటు అమ్మేవారు, కొనేవారు. చెహోవ్ అనే గొప్ప రచయిత తాత అట్లాంటి కట్టుబానిసే. 1841లో డబ్బు కట్టి తన కుటుంబాన్ని విడిపించుకున్నాడు. మనవడు 1887లో ఒక నాటకం రాసి దానికి 'ఇవానోవ్' అనే పేరే పెట్టాడు. 1861లో ఆ కట్టుబాటు చట్టప్రకారం రద్దయ్యింది. అప్పటినుండి లక్షలాది మంది కాగితాల్లోకి ఎక్కవలసి వచ్చింది. ఇంటిపేరు ఏమి రాయాలి? కొందరికి దొర ఇంటిపేరే అంటించారు, కొందరికి చేసే పని, కొందరికి ఊళ్లో పిలిచే ఎగతాళి పేరు. ఎందరికో తండ్రి పేరు లేక తాత పేరు. 1888లో సెనేటు, ఇంటిపేరు కలిగి ఉండడం ప్రతివాని హక్కే కాదు బాధ్యత కూడా అని ఉత్తర్వు చేసింది. అయినా 1897లో దేశమంతటా మొదటిసారి జనాభా లెక్కలు తీసినప్పుడు ఇంటిపేరు లేనివారు ఇంకా చాలామంది బయటపడ్డారు. రాసేవాడు అడిగాడు, ముసలాయన తన తండ్రి పేరు చెప్పాడు, వాడు 'ఓవ్' తగిలించి రాసుకున్నాడు. మన పల్లె బడిలో జరిగిందీ ఇదే.

పాదిరి పిల్లల సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాము. అక్కడి వేదపాఠశాలల్లో చేరిన కుర్రవాళ్లకు గురువులు కొత్త ఇంటిపేర్లు పెట్టేవారు. పునరుత్థానం మాట మీద వస్క్రెసెన్‌స్కీ, క్రిస్మస్ మాట మీద రొజ్దెస్త్‌వెన్‌స్కీ, త్రిత్వం మాట మీద త్రోయిట్‌స్కీ. మన దగ్గర కూడా బాప్తిస్మమప్పుడు సత్యానందం, కృపానందం, దేవదానం అని పెట్టారు కదా. కొన్ని పేర్లు బాగా కుదిరాయి. కొన్ని పేర్లు మోయలేక మోసినవారిని కూడా చూశాము.

ఇప్పుడు రష్యా నుండి వనపర్తి దాకా నడుద్దాం. దారి దూరమే గాని ఉంది.

పదహారో శతాబ్దంలో హాలెండ్ ప్రాంతంలో మెన్నో సైమన్స్ అనే పాదిరి ఉండేవాడు. 1536లో తన కొలువు విడిచి, పెద్దయ్యాక విశ్వసించి బాప్తిస్మం తీసుకోవాలి, కత్తి పట్టకూడదు అని బోధించే గుంపులో చేరాడు. ఆయన పేరుమీదే వాళ్లను మెన్నొనైట్లు అన్నారు. హింసలకు ఓర్వలేక వాళ్లు తూర్పుకు పారిపోయి విస్తులా నది లంకల్లో, చిత్తడి నేలల్లో నీళ్లు తోడి వ్యవసాయం చేసుకున్నారు. ఆ జనంలో యాన్‌జెన్ అనే ఇంటిపేరు చాలా ఎక్కువ. యాన్ అంటే యోహాను, 'జెన్' అంటే కొడుకు. హాలెండులో మొదట ఇది ఇంటిపేరు కాదు, తరానికొకసారి మారేది. యాన్ కొడుకు పీటర్ అయితే అతను పీటర్ యాన్సెన్, అతని కొడుకు క్లాస్ అయితే క్లాస్ పీటర్సెన్. తమిళులు నేటికీ తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ముందు పెట్టుకుంటారే, అట్లాగ. ఎక్కడో ఒక తరంలో అది మారడం ఆగిపోయి గడ్డకట్టింది. ఆ మొదటి యోహాను ఎవరో ఈనాడు ఏ యాన్‌జెన్‌కూ తెలియదు.

1763లో కేథరిన్ రాణి, పైన చెప్పిన ఆమే, బయటి దేశాల రైతులను రష్యాకు రమ్మని ప్రకటన చేసింది. 1789 ప్రాంతంలో మెన్నొనైట్లు ద్నీపర్ నది పక్కన ఖోర్తిత్సలో దిగారు. 1804 నుండి మొలోచ్నా నది పక్కన మరో పెద్ద కాలనీ లేచింది. నేటి ఉక్రెయిను దేశం అది. వాళ్లకు ఇంటిపేర్లు కొన్నే, పెట్టుకునే పేర్లు ఇంకా తక్కువ. ఊరికి నలుగురైదుగురు యాకోబు యాన్‌జెన్‌లు ఉంటే ఎవరినని పిలుస్తారు? ఎగతాళి పేర్లు పెట్టుకున్నారు. మన వాడలో బావికాడి ఎల్లయ్య, బక్క ఎల్లయ్య, మేకల ఎల్లయ్య ఉన్నట్టే. ఇక రష్యా కాగితాల్లో తండ్రి పేరు కూడా కావాలి. యోహాను అనే యాన్‌జెన్‌కు తండ్రి పేరు కూడా యోహానే అయితే ఇవాన్ ఇవానోవిచ్ యాన్‌జెన్ అవుతాడు. తెలుగులో చెబితే యోహాను, యోహాను కొడుకు, యోహాను కొడుకుల ఇంటివాడు! మేమిది ఆదివారం బడిలో చెబితే పిల్లలు పడీపడీ నవ్వారు.

1860 జనవరిలో మొలోచ్నా కాలనీలో 18 మంది ఇంటిపెద్దలు సంతకాలు చేసి వేరుపడ్డారు. అదే మెన్నొనైట్ బ్రదరన్ సంఘము. పాలమూరు ప్రాంతంలో 'ఎం.బి. చర్చి' అని మనం రోజూ అనే ఆ రెండక్షరాల పుట్టుక అక్కడ. 1889లో అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు రష్యా నుండి బయలుదేరి మన తెలుగు దేశానికి వచ్చి నల్లగొండలో పరిచర్య మొదలుపెట్టారు. ఫ్రీసెన్ అనేది తండ్రి పేరు కాదు, ఊరి పేరు. ఫ్రీస్‌లాండ్ వాడని. అటు రష్యాలో 1874లో అందరికీ సైన్యపు చాకిరీ తప్పనిసరి అయ్యింది. కత్తి పట్టమన్న జనం ఏం చేస్తారు? ఆ పదేళ్లలో సుమారు 18,000 మంది అమెరికా, కెనడాలకు ఓడలెక్కారు. వాళ్ల పిల్లలే తరువాత మన దగ్గరికి వచ్చారు. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ హైదరాబాదు చేరాడు. నాగర్‌కర్నూలులో బర్గ్‌తోల్డ్ దొరగారు, వనపర్తిలో యాన్‌జెన్ దొరగారు సేవ చేశారు. మన ముసలివాళ్ల నోట ఆయన 'జాన్జన్ దొర'. 1914 యుద్ధం, 1917 విప్లవం వచ్చాక రష్యా నుండి రావలసిన సాయం ఆగిపోయింది. అమెరికా నుండి వచ్చినవారు మాత్రం కొనసాగారు.

ఇప్పుడు ఈ చిత్రం చూడండి. వనపర్తిలో ఒక దొరగారు. ఆయన ఇంటిపేరుకు అర్థం యోహాను కొడుకు. ఆ అర్థం ఎదుట కూర్చున్న మనవాళ్లకు తెలియదు. ఆ ఎదుట కూర్చున్నవారికి అప్పుడప్పుడే బాప్తిస్మమిచ్చి పేర్లు మారుస్తున్నారు.

ఎదుట ఉన్నవారి పేర్లు ఏమిటి? మా సంఘపు పాత బాప్తిస్మ రిజిస్టరులో మేము చూసినవే చెబుతాము. ఈరడు, బాలిగాడు, ఎల్లిగాడు, లచ్చి. ఆడవారికి 'అమ్మ' లేదు, మగవారికి 'అయ్య' లేదు. పటేలు పిలిచినట్టు పట్వారీ రాశాడు, పట్వారీ రాసినట్టు అందరూ పిలిచారు. రష్యాలో ఇవాష్కా అన్నదే ఇక్కడ ఎల్లిగాడు. అదే కాలంలో పైవారికి ఇంటిపేర్లు ఉండేవి, ఎక్కువగా ఊరి పేర్లే. గద్వాల సంస్థానాధీశులు ముష్టిపల్లి వారు, వనపర్తి రాజాలు జనుంపల్లి వారు. రెంటిలోను పల్లె కనబడుతుంది. 1896లో గద్వాల సంస్థానంలో పుట్టి, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు వెళ్లిన ప్రతాపరెడ్డిగారి ఇంటిపేరు సురవరం. అదీ ఊరి పేరు తీరులోనే ఉంది. ఊళ్లో భూమి ఉన్నవానికి ఊరి పేరు ఇంటిపేరయ్యింది. ఆ ఊరి బయట గుడిసెలో ఉన్నవానికి ఆ ఊరు తన పేరు ఎందుకు ఇస్తుంది?

మన ఇండ్లల్లో ఇంటిపేర్లు అసలే లేవని మేము అనడం లేదు. ఉన్నాయి, పెళ్లి సంబంధాల దగ్గర అడుగుతారు. కాని ఇంటిపేరు చెప్పగానే కులం తెలిసిపోతుంది. పట్నంలో అద్దె ఇల్లు కోసం తిరిగినవారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. అందుకే కొందరు ఇంటిపేరు దాచారు, కొందరు మార్చారు, కొందరు బడిలో తాత పేరు చెప్పారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా మాకొక బాధ ఉంది. దాచినవారి మనవలకు తాతలు ఎవరో తెలియకుండా పోతున్నారు.

బైబిలులో కూడా తండ్రి పేరుతోనే బ్రతికినవారు ఉన్నారు. పేతురుకు ప్రభువు పిలిచిన పేరు సీమోను బర్ యోనా. 'బర్' అంటే అరామిక్ భాషలో కొడుకు. బర్తొలొమయి అంటే తొల్మయి కొడుకు. యెరికో త్రోవ పక్కన కూర్చున్న గ్రుడ్డి భిక్షకుని సంగతి ఇంకా విచిత్రం. బర్తిమయి అంటే తీమయి కొడుకు అని మార్కు తానే విప్పి చెబుతాడు. మరి అతని సొంత పేరేమిటి? ఎక్కడా లేదు. అడుక్కునేవానికి పేరెందుకని ఊరివారు అనుకున్నారేమో. తండ్రి పేరు మాత్రం నిలిచింది.

మళ్లీ మన యువకుని దగ్గరికి వద్దాం. ఈ కథంతా అతనికి చెప్పాము, ఇంత పొడుగ్గా కాదు. ఇంగ్లీషులో జాన్సన్ అన్నా, రష్యాలో ఇవానోవ్ అన్నా, వనపర్తి దొరగారి యాన్‌జెన్ అన్నా, నీ మెమోలో ఉన్న 'వై' అన్నా అన్నీ ఒక్కటే, నువ్వు బయట వెదుకుతున్నది నీ కాగితంలోనే ఉంది అన్నాము. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మా తాత జీతం ఉన్నడు అయ్యగారూ, ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?" అన్నాడు. చెహోవ్ తాత సంగతి మళ్లీ చెప్పాము.

వాళ్ల నాయనమ్మ చెప్పిన మాట ఇంకొకటి ఉంది. యోహాను అసలు పేరు ఈరడు. బాప్తిస్మమైన రోజు సాయంత్రం ఇంటికొచ్చి, తనను ఇకమీద కొత్త పేరుతోనే పిలవాలని ఇంట్లో అందరికీ చెప్పాడట. ఇంట్లోవాళ్లు పిలిచారు. పని ఇచ్చే ఇంటివాళ్లు మాత్రం చచ్చేదాకా ఈరిగాడనే పిలిచారు. బడిలో పంతులు అడిగినప్పుడు ఆయన నోట ఈరడు అని రాలేదు, యోహాను అని వచ్చింది. ఆ ఒక్కచోట మాత్రం ఆయన కోరుకున్న పేరు ప్రభుత్వ కాగితంలోకి ఎక్కింది.

ఆ అబ్బాయి ఇంటిపేరు గడిలో యోహాను అని నిండుగా రాసి ఫారం పంపాడు. మెమోలో వట్టి అక్షరం ఉంది గనుక, విప్పి రాసిన పేరుకు రుజువు తెమ్మని అడగవచ్చు. అందుకని తండ్రి బడి రికార్డు నకలు కూడా సిద్ధం చేసుకున్నాము.

మీ పిల్లల కాగితాల్లో కూడా ఇట్లాంటి విడి అక్షరాలు ఉంటే ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. మాకు తెలిసి మన సంఘములోనే ఆరేడు ఇండ్లల్లో ఉన్నాయి. టెన్త్ మెమో, బోనఫైడ్, ఆధార్ నకళ్లు తీసుకొని వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఉండండి, కూర్చొని చూద్దాం. నడవలేని ముసలివాళ్లు ఉంటే చెప్పండి, ఇంటికే వస్తాము.